పొయ్యొస్తా

మా వీధిలో మధ్యాహ్నం పూట కునుకు తీయాలంటే ముందు ఆకురాయి చప్పుడుకు అలవాటు పడాలి. ఉదయగిరి కొండ కింద మా ఇళ్లన్నీ గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. ప్రతి అరుగు మీదా ఎవరో ఒకరు చెక్క చెంచానో, ఫోర్కునో పట్టుకొని గరగరా రుద్దుతూ కూర్చుంటారు. నేనూ అంతే. నా పేరు షాహిస్తా. పెళ్లయి ఈ ఇంటికి వచ్చాక నా మొగుడు ముజఫరే నాకు ఈ పని నేర్పాడు. ఆయన పోయి ఏడాది దాటింది. ఇప్పుడు ఇంట్లో ఉండేది నేను, మా అత్త మస్తాన్‌బీ, నా కూతురు సాయిరా. సాయిరా నాలుగో తరగతి. దాని కోసమే బతుకుతున్నానంటే సినిమా మాటలాగా ఉంటుంది కానీ, నిజం అదే.

వానలు మొదలైన రోజుల్లో ఆత్మకూరు నుంచి సైమన్ అన్న బస్సు దిగి వచ్చాడు. ఆయనకు అక్కడ చేతిపనుల కొట్టు ఉంది. మా సరుకు బయటి దేశాలకు పంపిస్తుంటాడు. టీ తాగి, ఫోన్ తెరిచి బొమ్మలు చూపించాడు.

"ఇటలీ నుంచి ఆర్డరు చెల్లెమ్మా. వడ్డించే హస్తాలు, పెద్ద గరిటెలు, కావాలంట. కాడ చివర మాత్రం దేవతలు ఉండాలంట."

"మేం మనుషుల బొమ్మలు చెక్కం గదన్నా. తెలిసే అడగతావు."

"ముందు ఇను. ఇయ్యి పాతకాలం రోము వాళ్ల దేవతలు. మనిషిలో ఉండే మంచి గుణాలనే దేవతలుగా పెట్టుకొని గుళ్లు కట్టినారు వాళ్లు. ఆశ ఒక దేవత, చేతిలో పువ్వు ఉంటాది. సిగ్గు ఒక దేవత, నెత్తిన ముసుగు. కలిసిమెలిసి ఉండేది ఇంకో దేవత, ఇదో, పండ్లు నిండిన కొమ్ము పట్టుకోనుండాది చూడు. నీకు ముఖాలతో పని లేదు. పువ్వు చెక్కు, ముసుగు చెక్కు, కొమ్ము చెక్కు. చాలు."

"మరి ఈ నాలుగో ఆమె?"

"ఈమె ఫీదెస్. అన్న మాట తప్పకుండా ఉండటమే ఈమె. ఈమెకు కుడి చెయ్యి చెక్కితే సరిపోతాది. మనం చేతిలో చెయ్యేసి మాటిస్తామే, ఆ చేతిలోనే ఈమె ఉంటాదని వాళ్ల నమ్మకం. ఈమెకు పూజ చేసేటప్పుడు పూజార్లు కుడి చేతికి వేళ్ల దాకా తెల్లగుడ్డ చుట్టుకునేవాళ్లంట."

నాకు నవ్వొచ్చింది. "మనూరికి వస్తే ఆమెకు చేతినిండా పనే అన్నా. 'దారిలో ఉండా, వస్తన్నా' అని ఫోన్లో చెప్పి ఇంట్లో మంచమ్మీద పండుకోనుండేవాళ్లేగా అందరూ."

సైమన్ అన్న పడీపడీ నవ్వాడు. సంచీ భుజాన వేసుకొని, "పొయ్యొస్తా చెల్లెమ్మా, సోమవారం వస్తా," అని వెళ్లాడు.

మా వైపు గడప దాటేటప్పుడు ఎవరూ 'పోతా' అనరు. ఇంట్లో మేము ఉర్దూ, తెలుగు కలగాపులగంగా మాట్లాడుకుంటాం కానీ, గడప దగ్గర మాత్రం అందరి నోటా ఈ మాటే. ఒక్క ముజఫర్‌కే ఈ మర్యాద పట్టేది కాదు. "పోతన్నా" అని బండి తీసేవాడు. నేను ఒప్పుకునేదాన్ని కాదు. ఆ చివరి రోజు కూడా సరుకు మూట బండికి కట్టి, "పోతన్నా" అనేసి వీధి మలుపు దాకా వెళ్లినవాణ్ణి కేకేసి వెనక్కి రప్పించా. "సరిగ్గా చెప్పి పో," అన్నా. నవ్వాడు. "పొయ్యొస్తాలేమ్మే, పొయ్యొస్తా." ఆత్మకూరు దారిలో లారీ కొట్టింది. సాయంత్రం అంబులెన్సులో తెచ్చారు. దాన్ని రావడం అనరు కదా.

జనాజా లేపేటప్పుడు నాకు ఏడుపు రాలేదు. రాయిలాగా కూర్చున్నా. మా అత్తే గుండెలు బాదుకుంటూ, "నువ్వు ముందు పో నాయనా, నీ ఎనకాలే నేనొస్తా," అని ఏడ్చింది. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఎవరైనా అనే మాటే. ఎవరూ పట్టించుకోలేదు.

ఆర్డరు కోసం దేవదారి కర్ర తీసుకున్నా. కోస్తే చాలు, ఇల్లంతా వాసనేస్తుంది. పువ్వు, ముసుగు, కొమ్ము వాటి మానాన అవి అయ్యాయి. నాలుగోది మాత్రం నా మాట వినలేదు. ఆడమనిషి చెయ్యి సన్నగా చెక్కుదామనుకున్నా. ఉలి ఇటు అంటే అటు పోయింది. చిన్నపిల్ల చెయ్యంత సైజులో అరచెయ్యి తెరిచి పెట్టినట్టు వచ్చింది. తీరా దులిపి చూస్తే చిటికెన వేలు వంకర. చూపుడు వేలి కొస చదునుగా ఉంది. పనిలో కొత్తగా చేరినప్పుడు రంపం తగిలి ముజఫర్‌కు తెగిన చోటు అది.

సాయిరా బడి నుంచి వచ్చి, సంచీ కూడా దించకుండా నిలబడిపోయింది.

"మా అబ్బా చెయ్యి గదా అమ్మీ."

"కాదులే. ఎవరిదో రోము ఆమెది."

అది వినిపించుకోలేదు. తన అరచెయ్యి దాని మీద ఆనించి చూసుకుంది. సరిగ్గా సరిపోయింది. లాగేసుకొని, ముజఫర్ పాత తెల్ల లుంగీలో ముక్క చింపి, తడిపి, చెక్క చేతికి చుట్టా. పచ్చి చెక్క ఒక్కసారిగా ఆరితే పగుళ్లిస్తుంది. పని సగంలో ఆపితే తడిగుడ్డ చుట్టి పెట్టడం మాకు మామూలే. వేళ్లు ఇంకా రుద్దాల్సి ఉంది కాబట్టి వాటిని బయటికి వదిలేశా. గోడకున్న కొక్కేనికి తగిలించా. సైమన్ అన్న చెప్పిన పూజార్ల సంగతి ఆ క్షణాన నాకు గుర్తు రానేలేదు.

మర్నాడు సందేళకు కొండ మీద మబ్బు దిగింది. మగ్రిబ్ అజాన్ సగంలో ఉరుము ఉరిమి కరెంటు పోయింది. చెరువు చేపలు అమ్మే కామమ్మవ్వ తడుస్తూ వచ్చి, బుట్టలో మిగిలిన చేపలు మా అత్తకు ఇచ్చేసి, "పొయ్యొస్తా పాపా, వాన ఎక్కవయ్యేట్టుండాది," అని గడప దాటింది.

నేను దీపం వెలిగించి తిరిగేసరికి మళ్లీ గడపలో ఉంది.

"ఏందవ్వా, ఏమన్నా మర్చిపోయినావా?"

"ఏం లేదే... ఎందుకొచ్చినానబ్బా?" అని నవ్వింది. "ముసలిదాన్నయినా గదా. పొయ్యొస్తా."

వెళ్లింది. చేపలు తోమడానికి బూడిద తీసుకుంటున్నా. గడప దగ్గర నీళ్లు కారుతున్న చప్పుడు. తలెత్తి చూశా. కామమ్మవ్వే. ఈసారి నవ్వడం లేదు. బుట్ట ఎక్కడో పడేసుకుంది.

"పాపా... మీ వీధి మలుపు దాకా పోతన్నా. ఆడికి పొయ్యేసరికి కాళ్లు ఎనక్కి తిరగతన్నాయి. నేను తిప్పడం లేదు."

"వానకు దారి కనపడలేదేమో అవ్వా."

"యాభై ఏళ్లుగా తిరిగే దారి నాకు కనపడదా? నాకు బయంగా ఉండాది. పొయ్యొస్తా పాపా, పొయ్యొస్తా..."

అలా అంటూనే ఆమె ఒళ్లు గడప వైపు తూలింది. ఒక అడుగు బయట పెట్టింది. అక్కడే ఆగింది. ఎవరో కొంగు పట్టి లాగినట్టు లోపలికి వచ్చేసింది. కళ్ల నిండా నీళ్లు.

నా చూపు ఎందుకో కొక్కెం మీదికి పోయింది. దీపం వెలుగులో తెల్లగుడ్డ, గుడ్డలోంచి వేళ్లు. నేను తెరిచిన అరచెయ్యి చెక్కాను. ఇప్పుడు ఆ వేళ్లు లోపలికి ముడుచుకొని ఉన్నాయి... ఎవరి చెయ్యో పట్టుకున్నట్టు.

అన్న మాట తప్పకుండా ఉండటమే ఈమె.

"అవ్వా, 'పోతా' అను," అన్నా.

"ఛీ, దీపాలు పెట్టే యాళ అదేం మాట?"

"అనవ్వా. నీకు దండం పెడతా. 'పొయ్యొస్తా' అనబాక. 'పోతా' అను."

ఆమె నా ముఖం చూసింది. "పోతా," అంది గుసగుసగా, దొంగతనం చేస్తున్నట్టు. గడప దాటింది. నేను చూస్తూ ఉన్నా. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె తిరిగి రాలేదు.

అప్పుడు నాకు అసలు ఆలోచన వచ్చింది. ఈ గడప దాటుతూ వస్తానని చెప్పి రానివాళ్లు ఇంకెవరు?

తలుపు మూసి గడియ పెట్టా. గడియ సరిగా పడలేదు. మళ్లీ పెట్టా. సాయిరా మూలన కూర్చొని నన్నే చూస్తోంది. మా అత్త గోడకు ఆనుకొని తస్బీ పూసలు తిప్పుకుంటోంది. ఆమెకు మోకాళ్లు పనిచేయవు, చెవులు వినపడవు. ఏం చెప్పాలన్నా అరవాల్సిందే.

ముందు వాసన వచ్చింది. పచ్చి దేవదారి. ఇంట్లోంచి కాదు, బయట నుంచి. దాని వెనకాలే కర్పూరం, అత్తరు... శవానికి కఫన్ గుడ్డ చుట్టే ముందు మేము చల్లిన అత్తరు.

తర్వాత చప్పుడు. బురద రాలడానికి చెప్పుల్ని మెట్టు అంచుకేసి కొడుతున్నారు.

టప్... టప్...

ముజఫర్ అలాగే కొట్టేవాడు. ఇల్లు పాడవుతుందని నేను తిట్టకముందే.

"షాహిస్తా..."

గుసగుస. తలుపుకు అటువైపు, నా చెవికి దగ్గరగా.

"వచ్చినా."

నిజం చెబుతున్నా, నాకు భయం కంటే ముందు సంతోషం వచ్చింది. ఏడాదిగా రాని ఏడుపు గొంతులోకి వచ్చింది. చెయ్యి దానంతట అదే గడియ మీదికి పోయింది. అప్పుడు కిందికి చూశా. తలుపు సందులోంచి వాననీళ్లు లోపలికి వస్తున్నాయి. నీళ్లతో పాటు ఒక తెల్లగుడ్డ అంచు... మట్టి అంటుకొని... మెల్లగా లోపలికి జారుతోంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నా. భయమేసినప్పుడు చదివే ఆయతుల్ కుర్సీ చదువుదామంటే మొదటి మాట తప్ప నోటికి రాలేదు.

"మాటిచ్చినా గదా. వచ్చినా..." గొంతు కాస్త ఆగింది. "అమ్మా. నువ్వు గూడా మాటిచ్చినావు."

మా అత్త తస్బీ ఆగింది. పక్కన పిడుగు పడ్డా వినపడని మనిషి ఆ గుసగుస విన్నది.

"అవును నాయనా," అంది. "అన్నా గదా. వస్తా."

లేచింది. గోడ పట్టుకోకుండా, నా సాయం లేకుండా, పడుచుపిల్లలాగా నిటారుగా లేచింది. తలుపు వైపు నడిచింది. నేను నడుం పట్టుకొని లాగా. ఆమెలో ఇంత బలం ఎక్కడిదో, నన్ను కూడా ఈడ్చుకుంటూ పోతోంది.

"అత్తా! వద్దు! అది నీ కొడుకు కాదు!"

"ఒదులు. అన్నా గదా. వస్తానన్నా గదా. ఒదులు." ఆ గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. ఆమె కళ్లు మాత్రం నన్ను చూస్తున్నాయి. ఆపమని బతిమాలుతున్నాయి. కాళ్లు ఆగడం లేదు.

"ముజఫర్!" అని అరిచా. "పోతా అను! నీకు పుణ్యం ఉంటాది. పోతా అని పో!"

తర్వాత చాలా నెమ్మదిగా...

"అట్ట అనకూడదని... నువ్వే గదమ్మే చెప్పినావు."

"నేనే చెప్పినా. ఇప్పుడు నేనే అనమంటన్నా. నీ బిడ్డ ఈడనే ఉండాది. దాని కోసమన్నా అను!"

"అమ్మ మాటిచ్చింది గదా..."

మా అత్త చెయ్యి గడియ మీద పడింది. గడియ కిర్రుమంది. నేను రెండు చేతులతో కిందికి నొక్కా. అది పైకే లేస్తోంది. నా వెనక, మూల నుంచి, సాయిరా ఏదో అంటోంది. వాన హోరులో మాటలు వినపడలేదు. దువా చదువుకుంటోంది అనుకున్నా. తల తిప్పి చూసే తీరిక లేదు.

బయట గొంతు ఆగింది. ఏదో విన్నట్టు ఆగింది.

చాలాసేపు...

"పోతా."

అంతే. మెట్టు మీద చెప్పుల చప్పుడు. బురదలో అడుగులు. తలుపు సందులో గుడ్డ లేదు. వాసన లేదు. మా అత్త నా చేతుల్లో కూలబడిపోయి, "నన్నెందుకు లేపినావే? మోకాళ్లు పీకతన్నాయి," అంది. కరెంటు వచ్చి ఫ్యాను తిరిగింది.

తిరిగి చూస్తే కొక్కెం ఖాళీ. చెక్క చెయ్యి సాయిరా ఒడిలో ఉంది. ఆ చెక్క చేతిలో సాయిరా కుడి చెయ్యి ఉంది. చెక్క వేళ్లు దాని చెయ్యి చుట్టూ మూసుకొని ఉన్నాయి. ఒక్కొక్క వేలూ పట్టి విప్పా. చెక్క అలా వంగదు. ఇన్నేళ్లుగా చెక్కుతున్నా, నాకు తెలుసు. కానీ వంగింది. సాయిరా చెయ్యి మీద ఎర్రగా అచ్చులు పడ్డాయి. చూపుడు వేలి అచ్చు మిగతా వాటికంటే పొట్టిగా ఉంది.

నేను బతిమాలినందుకే ఆయన కరిగాడనుకున్నా. నా మాట విన్నాడనుకున్నా. ఆ రాత్రంతా సాయిరాను కావలించుకొని, కరువుదీరా ఏడ్చా.

సోమవారం సైమన్ అన్న వచ్చాడు. ఒళ్లు కాలిపోతోంది. "జొరం చెల్లెమ్మా, రాకూడదనే అనుకున్నా. బస్సెక్కింది గూడా గుర్తు లేదు," అన్నాడు. నాలుగు హస్తాలూ కాగితంలో చుట్టి చేతిలో పెట్టా. వెళ్లేటప్పుడు 'పోతా' అనమన్నా. నన్ను వింతగా చూసి, "ఇంకెప్పుడూ రావద్దంటావా ఏంది?" అన్నాడు. అయినా అన్నాడు. పీడ విరగడైందనుకున్నా. చేతికి చుట్టిన గుడ్డ ఆ మూటలో వేయలేదన్న సంగతి నాకు తట్టలేదు.

కొన్నాళ్లకు, నిద్రలో ఉన్న సాయిరాకు దుప్పటి కప్పబోయి చూశా. కుడి చేతికి ఆ తెల్లగుడ్డే చుట్టుకుంది. వేళ్ల దాకా. వేళ్లు బయటికి వదిలి.

లేపి అడిగా. "ఎందుకు చుట్టుకున్నావు?"

"ఊరికే."

"ఆ పొద్దు మూలన కూచోని ఏమన్నావు?"

గుడ్డ కొస సర్దుకుంది. అప్పుడు నాకు తట్టింది. మా అత్త మాటిచ్చింది. ఆ మాట చెల్లకుండానే ఆమెను వదిలేశారు. చనిపోయినవాణ్ణి మాట కోసం మట్టిలోంచి లేపిన ఆ రోము దేవత, ముసలామె మాటను ఊరికే వదులుతుందా?

"సాయిరా, చెప్పు. దాదీ బదులు నువ్వేమన్నా అన్నావా?"

"దాదీని ఒదిలేసినాడు గదా అమ్మీ."

"ఎందుకొదిలినాడు?"

"చెప్పకూడదు. చేతిలో చెయ్యేసి మాటిచ్చినా."

బతిమాలా. కొట్టా. కొట్టినందుకు ఏడ్చి ముద్దులు పెట్టుకున్నా. ఏం చేసినా అంతకు మించి చెప్పలేదు. చివరికి నా కన్నీళ్లు ఆ గుడ్డతోనే తుడిచి, "ఇప్పుడే కాదులే అమ్మీ," అంది.

అప్పటి నుంచి రోజూ బడికి పంపేటప్పుడు 'పొయ్యొస్తా' అని గట్టిగా అనిపించుకునేదాన్ని. వీధి మలుపులో కూడా మళ్లీ అనమనేదాన్ని. బడి ఆటోలో పిల్లలు నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ. ఆ మాట నోట్లోంచి వస్తే నా బిడ్డ సాయంత్రానికి గడపలో ఉంటుంది. నాకు అది చాలు.

ఈ పొద్దున జడ వేయించుకుంది, బూట్లు తొడుక్కుంది, గడప దాటింది.

"పోతన్నా అమ్మీ."

"సాయిరా! సరిగ్గా చెప్పి పో."

అది తిరిగి చూసింది. వాళ్ల నాయన నవ్వు నవ్వింది.

"అట్ట అంటే మళ్లీ రావాల గదమ్మీ."

జబ్బ పట్టుకొని లోపలికి ఈడ్చుకొచ్చా. తలుపేసి గడియ పెట్టి, రోకలి అడ్డం పెట్టా. బడి లేదు, ఏమీ లేదు. ఎన్నాళ్లయినా సరే, ఈ తలుపు తీయను. మా అత్త ఏందే ఇదంతా అని అరుస్తోంది. సాయిరా మాత్రం గొడవ చేయలేదు. నా పక్కనే చాప మీద కూర్చొని లెక్కలు చేసుకుంటోంది. కుడి చేతికి గుడ్డ అలాగే ఉంది. నేను విప్పుదామన్నా ముడి ఎక్కడుందో కనపడలేదు.

మధ్యాహ్నం దాటింది. కొండ మీద మబ్బు దిగుతోంది. ఇవాళ శుక్రవారం, జుమ్మా. వీధిలో ఎవరూ పని పెట్టుకోరు. ఆకురాయి చప్పుడు ఒక్కటి కూడా లేదు.

అయినా బయట నుంచి పచ్చి దేవదారి వాసన వస్తోంది.

సాయిరా తల ఎత్తలేదు. పెన్సిల్ మాత్రం ఎడమ చేతిలోకి మార్చుకొని, కుడి అరచెయ్యి తెరిచి పెట్టుకుంది.